ఆయన నాకేమవుతాడని ఇంత ఏడుపు?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. పెళ్లయింది, ఉద్యోగం చేస్తున్నాను, ఎనిమిదేళ్ల బాబు. రెండు నెలల కిందట నాకు చిన్నప్పటి నుంచి ఇష్టమైన హాస్యనటుడు గుండెపోటుతో హఠాత్తుగా పోయారు. పేరు రాయడం లేదు, రాస్తే మా అభిమానుల గ్రూపులో వాళ్లు నన్ను గుర్తుపడతారు. అప్పటి నుంచి నేను నాలా లేను. ఆఫీసులో బాత్రూంలోకి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి కూర్చుంటున్నాను. ఫోన్‌లో ఆయన పాత సీన్ వస్తే ముందు నవ్వొస్తుంది, వెంటనే తప్పు చేసినట్టు అనిపిస్తుంది. మూడేళ్ల కిందట మా నాన్న పోయినప్పుడు నా కంట్లో నీటిచుక్క రాలేదు. మా ఆయన మొన్న అదే ఎత్తి చూపారు, "మీ నాన్నకి ఏడవలేదు గానీ ఈయనకి ఏడుస్తున్నావా, రోజూ ఎంతమంది పోవట్లేదు" అని. నా స్నేహితురాలేమో "నువ్వు నిజానికి మీ నాన్న కోసమే ఏడుస్తున్నావు" అంటోంది. ఏది నిజమో నాకే తెలియడం లేదు. ఆయన కూతురికి ఇన్‌స్టాలో చాలాసార్లు మెసేజ్ పెట్టాను, ఒక్కదానికీ జవాబు లేదు, అదొక బాధ. గ్రూపులో ఒకామె ఆయన మీద పాత ఆరోపణ ఏదో తవ్వి పెడితే పెద్ద గొడవైంది, నేనూ నోటికొచ్చింది అనేశాను. వచ్చే నెల ఆయన పుట్టినరోజు. ఏఐతో ఆయన మొహం, గొంతు తయారుచేసి, ఆయనే మాకు థాంక్స్ చెబుతున్నట్టు వీడియో చేద్దామని గ్రూపులో డబ్బులు పోగుచేస్తున్నారు, నేనూ ఇచ్చాను. మాటలు కూడా నన్నే రాయమంటున్నారు. రాయనా? నాకేమైనా పిచ్చి పట్టిందా?

సమాధానం: పిచ్చేమీ పట్టలేదు. ముందు ఆ సంగతి చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. మీ ఉత్తరంలో నాకు ఇబ్బందిగా అనిపించినవి రెండే, ఆ కూతురికి పెట్టిన మెసేజ్‌లు ఒకటి, ఆ వీడియో ఒకటి. ఏడుపు ఆ లెక్కలోకి రాదు.

అయితే మీ ఆయన ప్రశ్నని కొట్టిపారేయలేం. ఆ నటుడు మిమ్మల్ని ఎన్నడూ చూడలేదు, మీ పేరు ఆయనకి తెలియదు, మీరు పోయి ఉంటే ఆయనకి కబురు కూడా అందేది కాదు. మరి మీకెందుకు ఇంత? 1956లోనే డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు దీని మీద ఒక వ్యాసం రాశారు. రేడియోలో వినిపించేవాళ్లతో, తెర మీద కనిపించేవాళ్లతో మామూలు జనానికి ఏర్పడే ఒకవైపు చనువుకి పారాసోషల్ సంబంధం అని పేరు పెట్టారు. ఇళ్లలోకి టీవీ వస్తున్న తొలి రోజుల సంగతి అది, కాబట్టి ఇన్‌స్టా వచ్చాక జనం చెడిపోయారనే మాట ఇక్కడ పనికిరాదు. చనువు ఒకవైపే, ఒప్పుకుందాం. కానీ ఆ చనువులో గడిచిన కాలం మాత్రం మీ సొంతం. పరీక్ష పోయిన రోజు, జ్వరంతో మంచం మీద ఉన్న రోజు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాని రాత్రి ఆయన సీన్ పెట్టుకుని ఉంటారు. మీరు రాయలేదు గానీ చిన్నప్పటి నుంచి ఉన్న అభిమానం అంటున్నారంటే అందులో ఇలాంటి రోజులు లేకుండా ఎలా ఉంటాయి? ఇప్పుడు ఆయన పోయారంటే ఆ రోజులన్నిట్లో పక్కనున్న మనిషి పోయినట్టే మీ ఒంటికి తెలుస్తోంది, ఆయన మీకు చుట్టమా కాదా అన్న విచారణ ఒళ్లు చేయదు.

ఇక "రోజూ ఎంతమంది పోవట్లేదు" అన్న మాట. దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది 1994లో ఇటలీలోని ఇమోలా కార్ల రేసు. ఏప్రిల్ 30న, రేసుకి ముందు జరిగే క్వాలిఫయింగ్‌లో, రోలండ్ రాట్జెన్‌బర్గర్ అనే ఆస్ట్రియా డ్రైవర్ చనిపోయాడు. మర్నాడు, మే 1న, అదే ట్రాక్ మీద, ఈసారి రేసులో, బ్రెజిల్‌కి చెందిన పేరున్న డ్రైవర్ అయర్టన్ సెన్నా చనిపోయాడు. సెన్నా కోసం బ్రెజిల్ ప్రభుత్వం మూడు రోజులు సంతాపం ప్రకటించింది, ఆయన సొంత ఊరు సావో పాలో వీధులు జనంతో నిండిపోయాయి. రాట్జెన్‌బర్గర్ పేరు ఈరోజు రేసులు పట్టించుకునేవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. ఇది న్యాయమా అంటే న్యాయం కాదు, ఇద్దరి ప్రాణమూ ఒకటే. కానీ సావో పాలోలో ఏడ్చినవాళ్లని నిలబెట్టి "నిన్న పోయిన ఆస్ట్రియా కుర్రాడికి ఏడ్చావా" అని అడగడంలో అర్థం ఉందా? ఎవరితో పరిచయం ఉంటే వాళ్ల కోసం ఏడుపొస్తుంది, అంతవరకే. అన్నట్టు సెన్నా కారులో ఆస్ట్రియా జెండా దొరికింది, రేసు అయ్యాక రాట్జెన్‌బర్గర్ గుర్తుగా ఊపాలని దాచుకున్నాడంటారు. ఎవరూ పట్టించుకోనివాడిని తలుచుకోవాలనుకున్నది కూడా లోకమంతా పట్టించుకున్న మనిషే, అందుకని పెద్దవాళ్ల కోసం ఏడ్చేవాళ్లకి చిన్నవాళ్లంటే లెక్కలేదని తేల్చేయకూడదు. ఇది మీ ఆయనకి చెప్పి చూడండి, వింటారేమో. వినకపోతే వదిలేయండి, ఆయన ఒప్పుకుంటే తప్ప మీరు ఏడవకూడదని రూలేమీ లేదు.

మీ నాన్నగారి విషయం దీనికంటే కష్టమైంది, అక్కడ కాస్త ఆగుదాం.

మీ స్నేహితురాలు చెప్పిన మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది, ఎవరేం బాధపడినా దాని వెనక "అసలు బాధ" ఒకటి వెతికి పెట్టడం. ఆవిడ ఉద్దేశం మంచిదే. కొంత నిజం కూడా ఉండొచ్చు, ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్లు పోయినప్పుడు పనులు చూసుకునే మనిషికి ఏడ్చే తీరిక ఉండదు. ఆసుపత్రి కాగితాలు, బంధువులకి ఫోన్లు, వచ్చేపోయేవాళ్లు, అమ్మని పట్టుకుని కూర్చోవడం, బ్యాంకు పనులు, ఇవన్నీ అయ్యేసరికి వారాలు గడిచిపోతాయి, ఆ తర్వాత కూర్చుని ఏడుద్దామంటే రాదు. పైగా తండ్రితో ఉన్న సంబంధంలో ప్రేమ ఒక్కటే ఉండదు, కోపాలు, చెప్పలేకపోయిన మాటలు, చాలాకాలం జబ్బుతో ఉన్న మనిషైతే "హమ్మయ్య, బాధ తీరింది" అన్న ఊరట, ఆ ఊరటకి మళ్లీ సిగ్గు, అన్నీ కలిసి ముడిపడి ఉంటాయి. మిమ్మల్ని నవ్వించడం తప్ప ఏమీ చేయని మనిషి విషయంలో అలాంటి చిక్కుముడి లేదు, కాబట్టి ఏడుపు నేరుగా వచ్చేసింది. నీళ్లు రాకపోతే ప్రేమ లేదని, వస్తే ప్రేమ ఎక్కువని లెక్క కట్టకండి. మీ ఆయన కట్టిన లెక్క అదే, అది తప్పు లెక్క.

అలాగని "ఇదంతా నాన్న కోసమే" అని తీర్మానించేయకండి. అలా అనుకోగానే ఈ ఏడుపుకి కొంచెం గౌరవం వచ్చినట్టుంటుంది, నటుడి కోసం ఏడిస్తే నామోషీ, తండ్రి కోసమైతే సరే అన్నట్టు. నాకది నచ్చదు. నటుడి కోసం వచ్చిన ఏడుపు నటుడి కోసమే ఉండనివ్వండి. కెన్నెత్ డోకా అనే అమెరికన్ ప్రొఫెసర్ 1989లో ఒక పుస్తకం తెచ్చారు, చుట్టూ ఉన్నవాళ్లు గుర్తించని, బయటికి చెప్పుకుంటే "దానికేంటి" అనిపించుకునే దుఃఖాల గురించి. విడాకులైన భర్త పోతే, పెంపుడు కుక్క పోతే, ఎవరికీ తెలియని స్నేహం పోతే వచ్చే దుఃఖం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. వీటిలో మనిషి రెండు పనులు చేయాల్సి వస్తుంది, బాధపడటం ఒకటి, బాధపడుతున్నందుకు సంజాయిషీ ఇచ్చుకోవడం ఇంకొకటి. మీ ఉత్తరంలో సగం సంజాయిషీయే. ఆ సగం మానేస్తే మిగిలిన సగం మీరు అనుకున్నంత బరువు ఉండదు. నాన్నగారిది వచ్చినప్పుడు వస్తుంది, రాకపోయినా ఆయనకి మీరు చేసిన సేవ ఎక్కడికీ పోదు.

హఠాత్తుగా పోవడం కూడా ఇందులో ఒక కారణం. కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబరు 29న 46 ఏళ్లకే పోయినప్పుడు జనం నమ్మలేదు, అంత ఫిట్‌గా కనిపించే మనిషి. 2022 మార్చి 4న ఆస్ట్రేలియా పాత వికెట్ కీపర్ రాడ్ మార్ష్ పోయారని తెలిసి షేన్ వార్న్ సోషల్ మీడియాలో సంతాపం రాశాడు, కొన్ని గంటలకే థాయిలాండ్‌లో తానే పోయాడు, వయసు 52. ఇలాంటి వార్త వచ్చినప్పుడు మనకి భయం కూడా వేస్తుంది, మన వయసు, మన గుండె, మన ఇంట్లోవాళ్లు అన్నీ ఒక్కసారి గుర్తొస్తాయి, ఆ భయాన్ని కూడా దుఃఖమే అనుకుని ఏడుస్తాం. మీరు చాలాకాలంగా బీపీ చూపించుకోకపోతే చూపించుకోండి, దీంట్లో నాకు తెలిసిన ఉపయోగకరమైన పని ఇదొకటి.

నవ్వొచ్చినప్పుడు తప్పు చేసినట్టు ఉంటోందన్నారు. ఇది హాస్యనటుల అభిమానులకే ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది. పాటగాడు పోతే పాట విని ఏడవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు, నవ్వించేవాడు పోతే ఆయన పని చూస్తూ నవ్వాలో ఏడవాలో తెలియదు. బ్రిటన్‌లో మాంటీ పైథాన్ అనే హాస్య బృందం ఉండేది, అందులో గ్రహమ్ చాప్మన్ 1989 అక్టోబరులో పోతే డిసెంబరులో సంస్మరణ సభ పెట్టారు. స్నేహితుడు జాన్ క్లీజ్ లేచి నిలబడి, గంభీరంగా మొదలుపెట్టి, ఉన్నట్టుండి పోయినాయన్ని తిట్టడం మొదలుపెట్టాడు, సభలో అనకూడని బూతుమాట కూడా అన్నాడు. అందరినీ ఉలిక్కిపడేలా చేసే ఈ అవకాశం వదులుకుంటే చాప్మన్ నన్ను క్షమించడు అని దానికి ఆయనే కారణం చెప్పాడు. సభ అంతా నవ్వింది, ఏడుస్తూనే. మీ నటుడు బతికుండగా ఒక సీన్ చేశాడంటే జనం నవ్వాలనే చేశాడు కదా, ఇప్పుడు మీరు ఆ సీన్ చూసి నవ్వకుండా బిగబట్టుకుంటే ఆయనకి ఒరిగేదేమిటి? నవ్వండి, తర్వాత ఏడుపొస్తే రానివ్వండి, రెండూ ఒకే నిమిషంలో వచ్చినా ఫర్వాలేదు.

కాకపోతే ఆ సీన్లు మీరు వెతికి చూస్తున్నవా, ఫోన్ మీ ముందు పెడుతున్నవా అన్నది గమనించండి. ఒక క్లిప్ చివరిదాకా చూస్తే యాప్ పది పెడుతుంది, అందులో ఆయన కామెడీ రెండుంటే మిగతావి "చివరి క్షణాలు", "ఆస్పత్రిలో అసలేం జరిగింది", విషాద సంగీతం వేసిన స్లో మోషన్ ఫొటోలు. ఆ థంబ్‌నెయిల్స్ పెట్టేవాళ్లకి ఆయన కంటే మీ రెండు నిమిషాలు ముఖ్యం. అలాంటివి వచ్చినప్పుడల్లా "ఆసక్తి లేదు" నొక్కండి, ఓపిగ్గా కొన్నాళ్లు నొక్కితే తగ్గుతాయి. ఆయన్ని చూడాలనిపిస్తే మీరే టైం పెట్టుకుని, మీకిష్టమైన సినిమా ఒకటి మొదటి నుంచి చివరిదాకా చూడండి. ఆఫీసు బాత్రూం ఏడుపుల్లో సగం ఈ క్లిప్పుల పుణ్యమేనని నా అనుమానం.

ఇక కూతురు. ఆ అమ్మాయికి మెసేజ్‌లు పెట్టడం ఇవాళే ఆపేయండి. మెత్తగా చెప్పే విషయం కాదు కాబట్టి సూటిగా చెబుతున్నా. మీరు ప్రేమతోనే పెట్టారు, ఆ సంగతి ఆమెకి అర్థమయ్యే ఉంటుంది కూడా. కానీ అటువైపు నుంచి చూడండి, ఆమెకి పోయింది తండ్రి, ఇంట్లో కాగితాలు, తల్లి, అప్పులో ఆస్తులో, సరిగ్గా మూడేళ్ల కిందట మీరు ఎక్కడ ఉన్నారో ఆమె ఇప్పుడు అక్కడ ఉంది. ఆ సమయంలో మీకు ఊరూ పేరూ తెలియని వేలమంది "మీ నాన్న లేకుండా నేను బతకలేకపోతున్నాను, జవాబివ్వండి" అని రాస్తే ఎలా ఉండేది? తన ఏడుపు తను ఏడవాలా, మీ అందరినీ ఓదార్చాలా? 2014లో హాలీవుడ్ హాస్యనటుడు రాబిన్ విలియమ్స్ పోయినప్పుడు ఆయన కూతురు జెల్డాకి ఆన్‌లైన్‌లో ఎంత హింస పెట్టారంటే ఆమె కొన్నాళ్లు సోషల్ మీడియా వదిలేయాల్సి వచ్చింది. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్, ఆయన 13 ఏళ్ల కూతురు జియానా సహా తొమ్మిదిమంది 2020 జనవరి 26న హెలికాప్టర్ ప్రమాదంలో పోతే, అక్కడికి వెళ్లిన పోలీసు, ఫైర్ సిబ్బందిలో కొందరు శవాల ఫొటోలు తీసి ఇతరులకి చూపించారు, భార్య వెనెసా కోర్టుకెళ్లాల్సి వచ్చింది, 2022లో జ్యూరీ ఆమెకి ఒక కోటీ 60 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. మీరు అలాంటివాళ్లని అనడం లేదు. కానీ పేరున్న మనిషి ఇంట్లో చావు జరిగితే ఆ ఇంటి తలుపు అందరూ తోసుకుని వచ్చేదిలా తయారవుతుంది, తోసేవాళ్లలో మంచివాళ్లూ ఉంటారు, లోపలున్నవాళ్లకి మాత్రం తేడా తెలియదు. పెట్టినవాటికి క్షమాపణ చెబుతూ ఇంకో మెసేజ్ కూడా వద్దు. జవాబు రాలేదన్న బాధ ఆమె వల్ల వచ్చింది కాదు, ఆమె మీకు బాకీ లేదు.

గ్రూపులో గొడవ. ఆ ఆరోపణ ఏమిటో మీరు రాయలేదు, కాబట్టి నిజమా అబద్ధమా అన్న జోలికి నేను పోను. 2020 నవంబరులో ఫుట్‌బాల్ ఆటగాడు మారడోనా పోయాక స్పెయిన్‌లో ఒక మహిళల మ్యాచ్‌కి ముందు అందరూ నిలబడి మౌనం పాటిస్తుంటే ఒక క్రీడాకారిణి మాత్రం వీపు తిప్పి నేల మీద కూర్చుంది. ఆడవాళ్ల మీద ఆయన చేసినట్టు చెబుతున్న హింసని తలుచుకుని అలా చేశానంది. ఆమెని చంపుతామని బెదిరింపులు వచ్చాయి. అదే వారం, ఆయన ఒకప్పుడు ఆడిన ఇటలీ నగరం నేపుల్స్ వీధుల్లో వయసొచ్చిన మగవాళ్లు చిన్నపిల్లల్లా ఏడ్చారు, తర్వాత ఆ ఊరి స్టేడియంకి ఆయన పేరే పెట్టుకున్నారు. ఈ రెండు పక్షాల్లో ఒకటి అబద్ధం అనాల్సిన అవసరం నాకు కనిపించదు. ఆయన ఆట గొప్పది, ఆయన వల్ల బాధపడినవాళ్లు ఉన్నారు, రెండూ ఉన్నాయి. అభిమానికి కష్టం ఎక్కడొస్తుందంటే ఆ రెండోది ఒప్పుకుంటే మొదటిది చేజారిపోతుందేమో అనిపిస్తుంది. పోదు. మీ చిన్నప్పటి నవ్వుని వెనక్కి తీసుకెళ్లే అధికారం ఎవరికీ లేదు. అయితే దానికోసం ఆ మాట అన్నామె నోరు మూయించాల్సిన పని కూడా లేదు. ఆమె చెప్పే టైం బాగాలేదనిపిస్తే చదవకండి. మీరు ఆమెని వ్యక్తిగతంగా ఏమైనా అని ఉంటే మాత్రం, గ్రూపులో కాకుండా విడిగా, ఒక్క లైనులో "అలా అనకుండా ఉండాల్సింది" అని పంపండి. ఆరోపణ మీద వాదన మళ్లీ ఎత్తకండి, అక్కడ తేలేది కాదు.

వీడియోకి వస్తే, మాటలు రాయొద్దు. ఎందుకో చెబుతాను, ఎందుకంటే గ్రూపులో మిమ్మల్ని అడుగుతారు. పోయిన మనిషి మొహం, గొంతు మీవీ కావు, నావీ కావు, ఆయన ఇంటివాళ్లని అడగకుండా వాడుకోవడం తప్పు. జెల్డా విలియమ్స్ 2025 అక్టోబరులో బహిరంగంగా వేడుకుంది, మా నాన్న ఏఐ వీడియోలు నాకు పంపడం దయచేసి ఆపండి అని. మనకి దగ్గర సంగతి చూస్తే, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పోయాక ఆయన గొంతుని ఏఐతో తయారుచేసి ఒక సినిమాలో అనుమతి లేకుండా వాడారని కుటుంబం 2024లో లీగల్ నోటీసు పంపింది. అదే ఏడాది ఏఆర్ రెహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు ఒక పాటలో వాడారు, ఇంటివాళ్ల అనుమతి తీసుకుని, డబ్బిచ్చి. టెక్నాలజీ రెండుచోట్లా ఒకటే, అడిగారా లేదా అన్నదే చూడాల్సింది. మీ గ్రూపు ఎవరినీ అడగలేదు, పైగా ఆయన అనని మాటలు ఆయన నోట్లో పెడుతోంది. "మీ అభిమానానికి థాంక్స్" అని ఆయన చేత చెప్పిస్తే అది మీరు మీకే చెప్పుకుంటున్న థాంక్స్. ఆ వీడియో గ్రూపులోనే ఉండిపోదు కూడా, సాయంత్రానికి బయటికి వెళ్తుంది, మర్నాటికి ఆ కూతురి ఫోన్‌లో ఉంటుంది. తండ్రి పోయాక వచ్చే మొదటి పుట్టినరోజు నాడు, ఆయన ఎన్నడూ అనని మాటలు తండ్రి గొంతుతో. మీ గ్రూపులో ఈ మాట ఒక్కటి చెబితే చాలామందికి అర్థమవుతుందనుకుంటున్నా.

మరి పుట్టినరోజుకి ఏమీ చేయకూడదా అంటే, చేయండి. జనం గుర్తుపెట్టుకున్న నివాళులు చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది, ఖర్చు తక్కువ, ఆ మనిషికి మాత్రమే సరిపోతాయి. 2014లో సిడ్నీ మైదానంలో బంతి మెడకి తగిలి ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిలిప్ హ్యూస్ పోయినప్పుడు జనం ఇళ్ల ముందు తమ క్రికెట్ బ్యాట్లు ఆనించి పెట్టారు, ఒక మామూలు అభిమాని మొదలుపెట్టింది దేశాలు దాటింది, 63 పరుగుల దగ్గర రిటైర్డ్ హర్ట్ అని ఉన్న స్కోరుని 63 నాటౌట్‌గా మార్చారు. ఆ బంతి వేసిన షాన్ అబాట్‌కి అండగా నిలిచినవాళ్లూ ఆ అభిమానులే, అది కూడా నివాళిలో భాగమే. కోబీ పోయిన రోజు ఆడిన టొరంటో, శాన్ ఆంటోనియో జట్లు ఆట మొదలవగానే చెరో 24 సెకన్లు బంతి పట్టుకుని ఊరికే నిలబడ్డాయి, 24 ఆయన జెర్సీ నంబరు. వార్న్ విగ్రహం దగ్గర పూలతో పాటు బీరు డబ్బాలు, సిగరెట్లు పెట్టారు, ఆయనకి నచ్చినవి అవే మరి. 2025 జులైలో కారు ప్రమాదంలో తమ్ముడితో పాటు పోయిన ఫుట్‌బాల్ ఆటగాడు డియోగో జోటా కోసం ఆయన జట్టు లివర్‌పూల్ అభిమానులు మ్యాచ్ 20వ నిమిషంలో ఆయన పాట పాడతారు, ఎందుకంటే ఆయన నంబరు 20. పునీత్ కళ్లు దానం చేస్తే నలుగురికి చూపొచ్చింది, ఆ తర్వాత కర్ణాటకలో ఎంతోమంది అభిమానులు నేత్రదానానికి పేర్లు రాయించుకున్నారు. మీ నటుడికి ఏది సరిపోతుందో నాకు తెలియదు, మీకు తెలుస్తుంది. నన్నడిగితే, గ్రూపులో ఒక్కొక్కరూ ఆయన సీన్లలో ఒకటి ఎంచుకుని, అది మొదటిసారి ఎప్పుడు ఎవరితో చూశారో ఒక పేరా రాసి పెట్టండి. మీరు రాయగలరు కాబట్టే కదా మాటలు మిమ్మల్ని అడిగారు, ఆయన మాటలు కాకుండా మీ మాటలు రాయండి.

ఒక జాగ్రత్త. రెండు నెలలు ఎక్కువ కాదు. తగ్గని శోకాన్ని జబ్బుగా గుర్తించే విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ కూడా కనీసం ఆరు నెలలైనా చూడమంటుంది. కానీ నిద్ర, తిండి బాగా దెబ్బతిన్నా, ఆఫీసు పని ఆగిపోతున్నా ఆ ఆరు నెలల కోసం చూడక్కర్లేదు, డాక్టర్‌ని కలవండి. బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అదే రోజు ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. మీ ఉత్తరంలో అలాంటిది కనిపించలేదు, అయినా ఇలాంటి చావుల తర్వాత అభిమానులు కొందరు ప్రాణాలు తీసుకున్న వార్తలు మనం చదివాం కాబట్టి అడగకుండా ఉండలేను.

మీ బాబుకి కూడా అమ్మ ఏడుస్తోందని తెలిసే ఉంటుంది, పిల్లల దగ్గర ఏదీ దాగదు. "నాకు బాగా ఇష్టమైన నటుడు చనిపోయారు, అందుకే బాధగా ఉంది, నీ వల్ల కాదు" అని చెప్పేయండి, అంత చాలు. వాడు ఆయన ఎవరని అడిగితే ఒక సీన్ చూపించండి.

డబ్బుల సంగతి మర్చిపోకండి. వీడియోలో నేను లేను, కారణం ఇదీ అని గ్రూపులో రాసి, మీరిచ్చింది వెనక్కి ఇవ్వమనండి. చిన్న మొత్తమే కదా అని వదిలేయకండి, బాధలో ఉన్నవాళ్ల దగ్గర పోగుచేసిన డబ్బుకి లెక్క అడిగేవాళ్లు ఉండరు, అదే కొందరికి అలుసు. ఎంత వచ్చింది, ఎవరి ఖాతాలో ఉంది అన్నది గ్రూపులో అందరికీ కనిపించేలా పెట్టమని కూడా అడగండి, ఎవరైనా ముఖం మాడ్చుకున్నా సరే.